పదకొండు నలభై రెండుకి రావలసిన చంద్రుడు

ఆ తేదీ ఫొటోల అల్లుడికి ఇప్పటికీ గుర్తే. మే నెల పదిహేడు, ఆదివారం. ఆ పొద్దున అతనూ మామగారూ తిన్నది ముందురోజు రొట్టె, దాని మీద వెన్న, పక్కన చెరో ఉడకబెట్టిన గుడ్డు. గుడ్డు ఏడు నిమిషాలే ఉడకాలని మామగారి శాసనం. ఆ రోజు హడావుడిలో పన్నెండు నిమిషాలు ఉడికింది. మామగారు గుడ్డు వలిచి, రెండుగా కోసి, పచ్చసొన చుట్టూ పేరుకున్న నల్లటి అంచుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు.

"బాగుంది. గ్రహణం మనింట్లో అప్పుడే మొదలైనట్టుంది," అని, ఒక్క ముక్క వదలకుండా తినేశారు.

ఆయన వదలకుండా తినడమే మెచ్చుకోలు. అది అర్థం కావడానికి అల్లుడికి చాలా ఏళ్ళు పట్టింది.

ఫొటోల అల్లుడన్న పేరు మామగారు పెట్టిందే. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుడికి కింది వీధిలో ఫొటో స్టూడియో ఉంది కనక ఫొటోల అల్లుడు. చిన్నల్లుడు బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు కనక బీమా అల్లుడు. భార్య పోయాక మామగారు పెద్ద కూతురి దగ్గరికి వచ్చి పదకొండేళ్ళయింది. అందులో తొమ్మిదేళ్ళు ఆ పెద్ద కూతురు ఇంట్లో దుబాసీ ఉద్యోగం చేసింది. "నాన్నకి నీ మీద కోపమేం లేదు, ఆయన ముద్దు చేస్తే అలాగే ఉంటుంది" అని ఇటు చెప్పేది. "ఆయనకి పొగరు కాదు నాన్నా, నోట్లోంచి మాట ఊడిపడదంతే" అని అటు చెప్పేది. రెండేళ్ళ క్రితం ఆవిడ పోయింది. దుబాసీ పోయాక ఆ ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలిన భాష వెటకారం ఒక్కటే. అందులో మామగారు పండితుడు. అల్లుడింకా అక్షరాలు దిద్దుకుంటున్నాడు.

మామగారి పాండిత్యం ఊరికే వచ్చింది కాదు. ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఏ బండి ఎన్ని గంటల ఆలస్యంగా నడుస్తోందో మైకులో చెప్పి, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని ముగించడం ఆయన ఉద్యోగం. ఆ ఆలస్యాల్లో ఒక్కటీ ఆయన చేసింది కాదు. అయినా అన్నిటికీ ఆయనే చింతించారు. రిటైరయ్యాక, చెప్పిన టైముకి వచ్చేది ఈ ప్రపంచంలో ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ పోయి, చివరికి ఆకాశంలో తేలారు. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు. వాటికి సిగ్నల్ దొరకలేదన్న సాకు లేదు.

అంతా ఇలా సాఫీగా వెక్కిరించుకుంటూ గడిచిపోతుండగా, ఫిబ్రవరిలో చిన్న కూతురు ఫోను చేసింది. మే పదిహేడున వచ్చి నాన్నని తీసుకెళ్ళిపోతామంది. వాళ్ళింటికి లిఫ్టుంది. వేరే గదుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళింట్లో కూతురుంది. బంధువులందరూ ఇది చాలా న్యాయమన్నారు. కూతురే లేని ఇంట్లో ఆ పెద్దాయన ఇంకా ఏ వరసన ఉంటాడని అడిగారు.

ఫొటోల అల్లుడు ఆ ప్రశ్నని చాలా రోజులు లోపల తిప్పి తిప్పి చూసుకున్నాడు. నిజమే, వరస దొరకలేదు. రాత్రి స్టూడియో మూసి వచ్చేసరికి మెట్ల దగ్గర లైటు వేసి ఉంచే మనిషి ఆయన. పేపరు తనకన్నా ముందు చదివేసినా, మళ్ళీ కొత్తదానిలా మడిచి బల్ల మీద పెట్టే మనిషి. దాన్ని ఏ వరస అంటారో బంధువులు చెప్పలేదు. "వెళ్ళకండి, ఇక్కడే ఉండండి" అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట మూడు నెలలుగా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మామగారేమో, "ఏం, నా గది ఖాళీ అయితే స్టూడియో సామాను పెట్టుకుందామనా ఆ చూపు?" అని అడుగుతుండేవారు. "ఆ, స్టూడియో లైట్ల గొడుగులు పెట్టుకుంటానండి" అని ఇతను జవాబు చెప్పేవాడు. అలా ఇద్దరూ ఎంతో చక్కగా మాట్లాడుకునేవారు.

నోరు చాలని మనిషి బజారుకి పోతాడు. అల్లుడు పోయి టెలిస్కోపు కొన్నాడు. అదే మే పదిహేడున, పదకొండు గంటల ప్రాంతంలో, పాక్షిక సూర్యగ్రహణం ఉందని పేపర్లో చదివాడు మరి.

అది బొమ్మల దుకాణంలో దొరికిన టెలిస్కోపు. ఒక జత మంచి బూట్ల ఖరీదు. పెట్టె మీద ఉంగరాల గ్రహం బొమ్మ, ఆరువందల డెబ్బై అయిదు రెట్లు పెద్దగా కనిపిస్తుందన్న హామీ. మామగారు పెట్టెని నాలుగు వైపులా చదివారు.

"ఈ పెట్టె మీది బొమ్మ ఈ టెలిస్కోపుతో తీసింది కాదు."

"కాదండి."

"ఆరువందల రెట్లు అన్నవాడు కూడా దీన్లోంచి చూసి అన్నది కాదు."

"మీకు నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తాను."

"ఎవడన్నాడు నచ్చలేదని?" అంటూ పెట్టెని తన గదిలోకి పట్టుకుపోయారు.

లోపల సూర్యుడిని చూడ్డానికని గోరంత నల్లద్దం ఒకటి పెట్టాడు కంపెనీవాడు. కంటి దగ్గర బిగించుకోవాలట. మామగారు దాన్ని నేరుగా చెత్తబుట్టలో వేశారు. "టెలిస్కోపు ఎండనంతా కూడగట్టి తెచ్చి దీని నెత్తిన పోస్తుంది. పగిలిందంటే నీకు మిగిలేది ఒక కన్ను. ఫొటోలు తియ్యడానికి ఒక కన్ను చాలనుకో. మొహానికే బాగుండదు." ఆ మాట మీద అల్లుడు పట్నంలో ఆరా తీసి, గొట్టం మూతి దగ్గరే ఎండని ఆపేసే వెండిరంగు ఫిల్మ్ తెప్పించాడు. ఫొటోలు అతికించే దళసరి అట్టతో దానికో టోపీ కుట్టాడు. గాలికి ఊడిపోకుండా నాలుగు పక్కలా టేపు వేశాడు. మామగారు లాగి చూసి, ఇంకో నాలుగు పక్కలా వేయించారు.

స్టాండు సంగతి చెప్పుకుంటే దానికే అవమానం. పక్క గదిలో తుమ్మితే ఇక్కడ ఆకాశం ఊగేది. స్టూడియో కెమెరా లెన్సు తీసేసి వెనక బిగిస్తే, ఆ బరువుకి గొట్టం మూతి పైకి లేచి, సూర్యుణ్ణి వదిలేసి నడినెత్తి వైపు చూసేది. చివరికి మామగారి పాత మేజోడులో ఉప్పు పోసి మూతి వైపు వేలాడదీశారు. సైన్సు అక్కడితో కుదుటపడింది.

ఇంతలో బీమా అల్లుడు ఫోనులో ఒక మాట జారాడు. "ఎందుకు మామగారూ ఆ తంటాలన్నీ? గ్రహణం ఎప్పుడు పడుతుందో ఎప్పుడు విడుస్తుందో నా ఫోన్లో సెకండ్లతో సహా వస్తుంది. ఇలా నొక్కితే చాలు."

మామగారికి తగలవలసిన చోట తగిలింది. ఆ వారంలోనే సూర్యుడి మీద పెద్ద మచ్చ ఒకటి వచ్చింది. ఫిల్మ్ టోపీ తీసి, టెలిస్కోపులోంచి పడ్డ బింబాన్ని తెల్ల అట్ట మీద పట్టి, ఆయన రోజూ పది గంటలకి ఆ మచ్చ ఉన్నచోట పెన్సిలు చుక్క పెట్టారు. సూర్యుడు తిరుగుతాడు కనక మచ్చ రోజుకింత జరుగుతుంది. ఏడు చుక్కలు పెట్టి, స్టూడియో కవర్ల వెనకాల లెక్కలు కట్టి, ఎనిమిదో రోజు, అంటే గ్రహణం నాడు, చంద్రుడి అంచు వచ్చి ఆ మచ్చని తాకే నిమిషం తేల్చారు. పదకొండు నలభై రెండు. వెంటనే ఫోను.

"ఇది నీ ఫోన్లో ఉందా?"

"లేదు మామగారూ. కానీ పెన్సిలు చుక్కలు ఎవరైనా పెట్టొచ్చు కదా," అన్నాడు బీమా అల్లుడు. క్లెయిము కాగితాలు చూసీ చూసీ అలా తయారయ్యాడు.

"టైముతో సహా ఫొటో చూపిస్తాను. సాయంత్రం వస్తున్నావుగా."

ఫోను పెట్టేసి, "విన్నావుగా," అన్నారు ఫొటోల అల్లుడితో. అతను విన్నాడు. ఆ ఫొటో బాగా వస్తే, మామగారు గర్వంగా దాన్ని అందరికీ చూపిస్తున్నప్పుడు, ఆ సంతోషంలో గొంతులోని ముల్లు దానంతటదే బయటపడుతుందని లెక్క వేసుకున్నాడు. ఆ ఇంట్లో లెక్కలు కట్టేది ఒక్క మామగారే కాదు.

పదిన్నరకల్లా ఇద్దరూ డాబా మీద ఉన్నారు. నీళ్ళ ట్యాంకులు, బట్టలారేసే తీగలు, మధ్యలో ఉప్పు మేజోడు తగిలించుకున్న టెలిస్కోపు. సూర్యుణ్ణి గురి చూడ్డానికి గొట్టం వెంట కన్ను పెట్టి చూడకూడదు. నేల మీద గొట్టం నీడ చూడాలి. నీడ కుంచించుకుపోయి గుండ్రంగా అయిందంటే గురి కుదిరినట్టు. మామగారు నీడ చూసి "ఎడమకి, ఇంకొంచెం, ఆపు" అంటుంటే అల్లుడు మరలు తిప్పాడు. కెమెరా వెనక తెరలో తెల్లటి బింబం వచ్చి కూచుంది. దాని మీద పక్కగా, బఠాణీగింజంత మచ్చ.

"తలకిందులుగా ఉంటుందండి ఇందులో," అన్నాడు అల్లుడు.

"సూర్యుడికి తల ఎటో నీకెలా తెలిసింది?"

పదీ యాభై ఒకటికి మొదటి నొక్కు పడింది. ఫోన్లో చెప్పిన సెకండుకే పడింది. మామగారు దాన్ని పట్టించుకోనట్టు గడియారానికి కీ ఇచ్చుకున్నారు. పదకొండు దాటాక పై అంతస్తు దర్జీ ఆవిడ తడిబట్టల బకెట్టుతో వచ్చింది.

"ఏంటి పెద్దాయనా, సూర్యుడు బాగానే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. నువ్వు ఆ దుప్పటి మాకు అడ్డంగా ఆరేస్తే ఇంకా బాగుంటాడు."

ఆవిడ దుప్పటి అటు పక్కకి ఆరేసి వచ్చి, కెమెరా తెరలోకి తొంగి చూసింది. "ఇంతేనా? కొరికిన బిస్కెట్టులా ఉంది. దీనికోసమా వారం రోజులు మేజోళ్ళు కట్టారు?" అంది. పోతూ పోతూ మళ్ళీ వెనక్కి వచ్చి, ఎండలో నిలబడ్డ మామగారి చేతిలో తన గొడుగు పెట్టి పోయింది.

పదకొండూ ముప్ఫై ఎనిమిది. అంతవరకూ ఎక్కడా లేని మబ్బు ఒకటి, సరిగ్గా ఒకే ఒక్క మబ్బు, తీరిగ్గా వచ్చి సూర్యుడి ముందు నిలబడింది. తెర నల్లబడింది. మామగారు గొడుగు మడిచి, మబ్బు వైపు మొహం ఎత్తి, ముప్ఫై నాలుగేళ్ళ గొంతుతో మొదలుపెట్టారు.

"ప్రయాణికులకు మనవి. పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు రావలసిన చంద్రుడు సరైన సమయానికే నడుస్తున్నాడు. అడ్డం నిలబడిన మబ్బు దయచేసి పట్టాలు దాటవలసిందిగా కోరుతున్నాం."

బట్టలు ఆరేస్తున్న దర్జీ ఆవిడ నవ్వింది. అల్లుడు నవ్వలేకపోయాడు. ముప్ఫై తొమ్మిది. నలభై. మబ్బుకి ఏమనిపించిందో, నలభై ఒకటికి అంచు పలచబడి, తెరలో ముందు పొగలా, తర్వాత పాలలా, ఆ తర్వాత అసలు సూర్యుడు వచ్చాడు. మచ్చ ఉంది. దాని పక్కనే, గోరంత దూరంలో, చంద్రుడి నల్లటి అంచు.

అల్లుడు చేత్తో నొక్కితే స్టాండు ఊగుతుందని టైమరు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి తీశాడు. నలభై రెండు. అంచు ఇంకా తాకలేదు. మామగారు గడియారాన్నే చూస్తున్నారు. మళ్ళీ తీశాడు. మళ్ళీ. పదకొండూ నలభై మూడుకి నల్లటి అంచు మచ్చని తాకింది. మరో నిమిషానికి మింగేసింది.

ఇద్దరూ తెర మీదికి వంగి ఉన్నారు. ఇద్దరి తలలూ తాకుతున్నాయి.

"ఒక్క నిమిషం," అన్నారు మామగారు. "ఒకే ఒక్క నిమిషం తేడా. ముప్ఫై నాలుగేళ్ళలో నా స్టేషన్‌కి ఒక్క బండి... ఒక్కటంటే ఒక్కటి..." ఆ వాక్యం పూర్తి కాలేదు. ముక్కు చీదుకున్నారు. తర్వాత అల్లుడి చేతుల వైపు చూసి, "వణకలేదు," అన్నారు.

పదకొండేళ్ళలో అంత మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. అల్లుడు అప్పుడే అడిగేయవలసింది. ఇదీ అదను. నోరు తెరిచాడు కూడా. తెరిచి, "మేజోడు జారుతోందండి," అన్నాడు.

గ్రహణం విడిచింది. మామగారు పడక కుర్చీలో కునుకు తీశారు. సాయంత్రం ఆరింటికి చిన్న కూతురు వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఫొటోల అల్లుడు ఫొటోలు అచ్చు వేయడానికి స్టూడియోకి దిగాడు.

ఆ స్టూడియోకి గిరాకీ అంతా గుర్తింపు కార్డుల ఫొటోలు, ఉద్యోగ దరఖాస్తుల ఫొటోలు. వచ్చిన ప్రతివాడూ కుర్చీలో కూచుంటూనే అనేది ఒకటే మాట, "కొంచెం చూసి తీయండి సార్." దానర్థం తీసేటప్పుడు చూడమని కాదు, తీశాక చూసుకోమని. మొటిమలు, చారలు, కళ్ళ కింద నలుపు, అన్నీ పోవాలి. దరఖాస్తులో గుర్తింపు చిహ్నాల దగ్గర గడ్డం మీద పుట్టుమచ్చ అని సొంత చేత్తో రాసుకున్నవాడు కూడా ఫొటోలో దాన్ని తీసేస్తే సంతోషించేవాడు. తీసేసిన మచ్చ తిరిగి కావాలని ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ రాలేదు. అందుకని అతను పాత ఫొటో మీదే కొత్తది సేవ్ చేసేవాడు. కంప్యూటర్లో ఖాళీ తక్కువ. సాయంత్రం కొట్టు మూసే ముందు కెమెరా కార్డు కూడా తుడిచేసేవాడు, పొద్దున్నే వచ్చే మొహాలకి చోటు కావాలి కదా.

ఆ మధ్యాహ్నం అతను కంప్యూటరు ముందు కూచుని మాటలు కూర్చుకున్నాడు. "మామగారూ, మీకు అభ్యంతరం లేకపోతే" అని మొదలుపెడితే మరీ దరఖాస్తులా ఉంది. "అమ్మాయి ఉంటే మిమ్మల్ని వెళ్ళనిచ్చేది కాదు" అంటే నిజమే, కానీ ఆవిణ్ణి సిఫారసుకి తెచ్చినట్టుంటుంది. "మీరు వెళ్ళిపోతే ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళుండరు" అంటే వెటకారమనుకుని నవ్వేసి పెట్టె అందుకుంటారు. ఇలా మూడు గంటలు. ఆ మూడు గంటలూ అతని కుడిచెయ్యి ఊరుకోలేదు. ఒక్కో ఫొటో తెరిచింది. మధ్యకి జరిపింది. బాగుచేసింది. సేవ్ కొట్టింది. ముప్ఫై ఒక్క ఫొటోలు. అందులో ఆరు పెద్ద సైజులో అచ్చు వేసింది. యంత్రంలోంచి వస్తున్న కాగితాలని అతను పరధ్యానంగా చూసి, సూర్యుడు ఎంత శుభ్రంగా వచ్చాడో అనుకున్నాడు. కవరులో పెట్టాడు. కార్డు తుడిచాడు. తాళం వేశాడు.

ఇంటికి వచ్చేసరికి చిన్న కూతురూ బీమా అల్లుడూ వచ్చి ఉన్నారు. బల్ల మీద టమాటా సూపు పొగలు కక్కుతోంది. గుమ్మం పక్కన మామగారి పెట్టె, దాని మీద చేతికర్ర. మామగారు చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, బల్లకి ఆ చివర జడ్జిలా కూచుని ఉన్నారు.

"రా, రా. నీకోసమే ఆగాం. మీ తోడల్లుడికి ఆధారాలు కావాలట."

"నేను అలా అన్లేదు మామగారూ," అన్నాడు బీమా అల్లుడు.

"అనకపోయినా చూపిస్తాను." మామగారు కవరు అందుకుని, గొంతు సవరించుకుని, మొదటి ఫొటో బయటికి తీసి, చూడకుండానే బీమా అల్లుడి ముందు పెట్టారు. "కింద టైము చూడు. పదకొండు నలభై రెండు. ఇప్పుడు ఆ మచ్చ చూడు. ఇది రెండోది, నలభై మూడు. మచ్చకి అంచు తగిలింది. కనిపించిందా?"

బీమా అల్లుడు ఒక ఫొటో చూశాడు. రెండోది చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. పెళ్ళానికిచ్చాడు. ఆవిడ చూసి, తండ్రి వైపు చూసి, మెల్లిగా అంది.

"చాలా బాగుంది నాన్నా. మచ్చ ఏదీ?"

మామగారు ఫొటోలు లాక్కుని చూశారు. ఆరూ చూశారు. తెల్లగా, నున్నగా, పాలమీగడలాంటి సూర్యుడు. పక్కన నల్లటి నొక్కు. అంతే.

"అల్లుడుగారూ," అన్నారు.

ఆ పిలుపు ఫొటోల అల్లుడికే. ఆయన గౌరవించడం మొదలుపెట్టారంటే కొంప మునిగినట్టే.

"తమరొకసారి ఇలా దయచేసి, మచ్చ ఎక్కడుందో తమరి వేలితో చూపిస్తారా?"

అతను వంగి చూశాడు. చూస్తుండగానే తన కుడిచెయ్యి మధ్యాహ్నమంతా ఏం చేసిందో ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"తీసేశానండి."

"ఏమిటి తీసేసింది?"

"మచ్చ."

"సూర్యుడి మొహం మీది మచ్చ."

"అలవాటండి."

బీమా అల్లుడు నవ్వు ఆపుకోలేక సూపు గిన్నె వెనక దాక్కున్నాడు. "అన్నయ్యగారూ, రంగు కూడా తేల్చారా?"

"కొద్దిగా."

"కళ్ళ కింద నలుపు?"

"నువ్వు ఊరుకో," అంది అతని పెళ్ళాం.

"అసలువి ఉంటాయిగా?" అన్నారు మామగారు. "తుడవకముందువి?"

"వాటి మీదే సేవ్ చేశాను."

"కెమెరాలో?"

"కార్డు ఖాళీ చేశాను. రేపు సోమవారం కదండీ. గిరాకీ ఉంటుంది."

మామగారు ఫొటోని బల్ల మీద పెట్టి, దాని అంచుని వేలితో సరిచేశారు.

"ఏ ధ్యాసలో ఉండి చేశావయ్యా ఈ పని?"

ఈసారి గారూ లేదు, తమరూ లేదు. కోపం కూడా పెద్దగా లేదు. వారం రోజులు ఎండలో నిలబడి చుక్కలు పెట్టిన మనిషి అలసట ఉంది. ఆ గొంతు విన్నాక ఫొటోల అల్లుడికి అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

"మీ ధ్యాసలోనే ఉన్నాను," అన్నాడు. "మిమ్మల్ని వెళ్ళకుండా ఉండమని ఎలా అడగాలా అని. మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచన. మధ్యాహ్నం నుంచి కాదు, ఫిబ్రవరి నుంచి. మాట కుదరలేదు. చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది."

చిన్న కూతురు చేతిలోని చెంచా కింద పెట్టింది. ఫ్రిజ్ ఒకసారి దడదడలాడి ఆగింది.

"ఎన్ని ఫొటోలు?" అన్నారు మామగారు.

"ముప్ఫై ఒకటి."

"ముప్ఫై ఒక్క మచ్చలు తుడిచావు. ఆ ఒక్క ముక్క కుదరలేదు."

"కుదరలేదండి."

"మరి ఇప్పుడెలా కుదిరింది?"

"మీరు తిడుతున్నారుగా. తెలిసిన చోటులా అనిపించి, ధైర్యం వచ్చింది."

మామగారు కిటికీ వైపు తిరిగి కూచున్నారు. బయట చూడ్డానికేమీ లేదు, ఎదురింటి గోడ తప్ప.

"పదకొండేళ్ళు తిన్నాను ఈ ఇంట్లో," అన్నారు గోడతోనే. "అమ్మాయి ఉన్నన్నాళ్ళూ సరే. ఆ తర్వాత, ఎవడైనా ఉండమంటేనే కదయ్యా మనిషి ఉండేది? నేనే పెట్టె సర్దితే ఆపుతావేమోనని ఫిబ్రవరిలో సర్దాను. గొడుగులు పెట్టుకుంటానన్నావు."

"మీరే కదండీ గొడుగుల మాట..."

"నేను సామాను అన్నాను. గొడుగులు నువ్వన్నావు."

చిన్న కూతురు కళ్ళు తుడుచుకుని, చర్రున లేచింది. "బాగుంది. చాలా బాగుంది. మీ ఇద్దరూ మూడు నెలలు గొడుగుల గురించి మాట్లాడుకుంటూ కూచున్నారు. నేనక్కడ గదికి రంగు వేయించాను. పరదాలు కుట్టించాను. నాన్నకి ఆకాశం ఇష్టమని నీలం రంగు! బావగారూ, ఈ ముక్క మార్చిలో ఏడిస్తే మీ సొమ్మేం పోయేది?"

"తప్పేనమ్మా," అన్నాడు అతను. "నాకు ఏ వరసన అడగాలో తెలియలేదు."

"అక్క మొగుడు మా నాన్నని ఉండమనడానికి వరస చూసుకోవాలా? మీకు వరసలు నేర్పినవాళ్ళెవరో నాకు చూపించండి."

"అమ్మాయ్," అన్నారు మామగారు.

"నువ్వు మాట్లాడకు నాన్నా. నీకు ఇక్కడే ఉండాలని ఉంటే నాతో చెప్పొచ్చుగా? నేనేం పోలీసునా, పట్టుకుపోవడానికి?"

ఆవిడ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీ లాక్కుని మళ్ళీ కూచుంది. కోపం ఎంతసేపు ఉండాలో ఆవిడకీ లెక్క తెలుసు.

"సరే. ఇప్పుడేమిటి?" అంది.

"ఇప్పుడేముంది?" అన్నారు మామగారు, గోడని వదిలి ఇటు తిరిగి. "రెండేళ్ళ నాలుగు నెలలకి ఈ ఊళ్ళో కనిపించే గ్రహణం ఇంకోటుంది. ఆ రోజుకి సూర్యుడి మీద మచ్చ ఉంటుందో లేదో నాకు తెలీదు. ఉంటే మాత్రం ఈ మహానుభావుడు తుడిచేస్తాడు. అది నాకు నికరంగా తెలుసు. పక్కన కూచుని చెయ్యి పట్టుకునే మనిషి ఒకడు కావాలి. ఆ పరదాల గదికి వచ్చే నెలలో వచ్చి పది రోజులుంటాను. చలికాలంలో ఇంకో పది."

"పదిహేను," అంది కూతురు.

"పదిహేను. మచ్చ ఉన్న రోజుల్లో కాకుండా."

బీమా అల్లుడు అప్పటిదాకా ఫొటోని చేతిలో పట్టుకునే ఉన్నాడు. "మామగారూ, ఇది నేను తీసుకుంటాను. ఆఫీసులో పెట్టుకుంటాను."

"దేనికి? అందులో నా లెక్క లేదుగా."

"లెక్క మీరు చూశారు, అన్నయ్యగారు చూశారు. ఇద్దరూ ఒక మాట మీద ఉండటం ఇదే మొదటిసారి. ఇంకా ఆధారం దేనికి?" అన్నాడు. క్లెయిములు చూసే మనిషి నోట అది చిన్న మాట కాదు. మామగారు ఏమీ అనకుండా ఫొటోని వెనక్కి తీసుకుని, జేబులోంచి పెన్సిలు తీసి, ఆ నున్నటి సూర్యుడి మీద ఉండవలసిన చోట జాగ్రత్తగా ఒక చుక్క పెట్టి, మళ్ళీ అతని చేతికిచ్చారు.

సూపు చల్లారిపోయింది. ఫొటోల అల్లుడు లేచి మళ్ళీ వేడి చేశాడు. అడుగంటింది. నలుగురూ తాగారు. మామగారు గిన్నె అడుగు చెంచాతో గీకి, "మాడు రుచి ఎక్కడిదా అనుకున్నాను," అన్నారు.

తొమ్మిదింటికి చిన్న కూతురూ అల్లుడూ బయల్దేరారు. ఫొటోల అల్లుడు కిందిదాకా దిగబెట్టాడు. కారెక్కుతూ మరదలు, "బావగారూ, ఇకమీద ఏదైనా అడగాలనిపిస్తే నాకు ఫోను చేయండి. నేను ఆయనకి చెప్తాను. మా అక్క ఉద్యోగం ఖాళీగానే ఉందిగా," అంది. అతను నవ్వాడు. ఆ తర్వాత మెట్ల మీద కాసేపు కూచోవలసి వచ్చింది.

పైకి వచ్చేసరికి మామగారు తన మంచం మీద, చొక్కా గుండీలు సగం విప్పుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపినట్టు నోరు కాస్త తెరిచి, సన్నగా గురక పెడుతూ నిద్రపోతున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి జరిగి ఉంది. అల్లుడు దాన్ని మెల్లిగా తీసి కిటికీలో పెట్టాడు. దుప్పటి కాళ్ళ మీదికి లాగాడు. దీపం ఆర్పి, మునివేళ్ళ మీద బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.